రాజీ అని రాయొద్దు

గురులింగప్ప నిర్దోషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే సగం పంచాయితీ తెగిపోతుంది. సొంత చిన్నాయన కొడుకు మల్లప్పను పొలం గట్టు మీద పార కర్రతో కొట్టాడు. తల పగిలింది. మల్లప్ప బీదర్ దవాఖానలో కొన్ని రోజులు ఊపిరి కోసం కొట్టుకుని కొట్టుకుని పోయాడు. కోర్టులో "నాకేం తెల్వదు" అనమని వకీలు నేర్పిస్తే, గురులింగప్ప బోనులో నిలబడి "కొట్టిన సార్. సావాలని కొట్టలె" అన్నాడు. జడ్జి యావజ్జీవం వేశాడు. పెద్ద జైలుకు తోలారు. పదేళ్ళు దాటిపోయింది.

కథ ఆయనది కాదు. ఆయన పెళ్ళాం సావిత్రమ్మది, మల్లప్ప పెళ్ళాం నారమ్మది. ఇద్దరూ యారాండ్లు. ఒకే ఇంట్లో కాపురానికి వచ్చి, ఒకే పొయ్యి మీద రొట్టెలు కాల్చినవాళ్ళు. తర్వాత వేరుపడ్డారు, చేను రెండు ముక్కలైంది, నడుమ గట్టు పడింది. ఆ గట్టు మీదే మనిషి పడ్డాడు.

మా ఎర్రవాడి న్యాల్‌కల్ మండలంలో ఉంది. కర్ణాటకలో కోడి కూస్తే మేం లేస్తాం, అంత దగ్గర. ఒకే గల్లీలో రెండిళ్ళు. ఖూనీ జరిగిన నాటి నుంచి వాటి మధ్య నిప్పూ నీళ్ళూ బంద్. బోరు దగ్గర ఒకామె బిందె పెడితే ఇంకొకామె వెనక్కి జరిగి నిలబడేది. ఒక్కనాడూ తిట్టుకోలేదు. తిట్టుకున్నా బాగుండేది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. జైల్లో ములాఖత్‌లు ఆపేసి, వారానికోసారి ఫోన్లో ముఖం చూపించేవాళ్ళు. సావిత్రమ్మ కొడుకు గిరీశ్ ఫోను పట్టుకుంటే, ఆమె తల దగ్గరగా పెట్టి చూసేది.

"అన్నం తింటున్నవా?"

"తింట..." అని ఆగాడు గురులింగప్ప. ఛాతీ ఎగిరింది, పడింది. "...ఉన్న."

ఆయనకు దమ్ము, ఊపిరాడని ఉబ్బసం. జైలుకు పోకముందు నుంచీ ఉంది. ఇప్పుడు ముదిరింది.

"దమ్ము గోలీలు ఇస్తున్నరా?"

"ఇస్తున్నరు. నా పక్కన పండే శంకరయ్య... పోయిండు."

"యాడికి పోయిండు? విడిచిపెట్టిన్రా?"

"పోయిండే," అన్నాడు గురులింగప్ప.

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఫోను కట్ అయినా అట్లాగే చూస్తూ కూర్చుంది.

జైళ్ళు కిక్కిరిసి ఉన్నాయి, ముసలివాళ్ళను, రోగులను కొన్నాళ్ళు ఇళ్ళకు పంపే సంగతి చూడండి అని పై కోర్టు చెప్పిందన్న వార్త టీవీలో వచ్చింది. మంచి మాట. మన దగ్గర మంచి మాట చెప్పడం ఎప్పుడూ కష్టం కాదు. ఆ మాట కింద పెట్టే కొర్రీలను దాటడమే కష్టం.

తల్లీకొడుకులు పొద్దున్నే బండి మీద జహీరాబాద్ పోయారు. లాక్‌డౌన్, మధ్యాహ్నం దాకే సడలింపు. బస్టాండు వెనక వకీలు మదన్‌మోహన్ ఇల్లు. కిటికీ లోపల ఆయన, బయట ఎండలో వీళ్ళు. ఆయన రెండు మాస్కులు పెట్టుకుని రాశాడు, రాసింది చదివాడు. "వృద్ధుడు, రోగపీడితుడు అయిన నా భర్తను దయతలచి..."

"దయ గియ ఎందుకు సార్?" అంది సావిత్రమ్మ. "వయసున్నది, దమ్మున్నది, దవాఖాన చీటీలున్నయి. గది రాయుర్రి."

"అర్జీ అంటే అట్లనే రాస్తరమ్మా. అది వాడుక."

"నా మొగడు తప్పు చేసిండు, శిక్ష పడ్డది, బరాబర్. జైల్ల వాళ్ళ చేతుల ఉన్న మనిషిని బతికించుడు వాళ్ళ పని. ఎవని పని వాడు చేస్తె దాన్ని దయ అంటరా?"

మదన్‌మోహన్ కిటికీ చువ్వల్లోంచి ఆమెను చూశాడు. దయతలచి అన్నది కొట్టేశాడు. మంచివాడే. కానీ కొట్టేసిన తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"పెరోల్ ఇయ్యాల్నంటే పోలీసు రిపోర్టు కావాలె. ఊర్లకొచ్చి అడుగుతరు. అందరికన్న ముందు సచ్చిపోయినాయన ఇంటోళ్ళను అడుగుతరు. ఆమె వద్దన్నదంటే రిపోర్టు ఉల్టా పోతది. ఇగ నేను చేసేది ఏం లేదు."

సావిత్రమ్మ దవాఖాన చీటీలు సంచిలో సర్దుకుంది. తిరుగుదారిలో గిరీశే అన్నాడు. "చిన్నమ్మతోని నేను మాట్లాడుత."

"నువ్వు నోరు తెరువకు."

"మరి ఎవరు మాట్లాడుతరే?"

"ఆలోచన చెయ్యనియ్యి," అంది.

గిరీశ్‌కు ఓపిక లేదు. తండ్రి ఛాతీ ఎగిరిపడటం వాడూ చూశాడు. తల్లిని ఇంటి దగ్గర దింపి, నేరుగా రాజేశ్వర్ దగ్గరికి పోయాడు. రాజేశ్వర్ మాజీ సర్పంచు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ తల పగిలినా, ఏ గట్టు తెగినా రాజీకి ఆయనే. మా దిక్కు రాజీకి ఒక పద్ధతి ఉంది. తప్పు చేసిన ఇంటి నుంచి నలుగురు పెద్దలు తట్ట పట్టుకుని పోతారు. తట్టలో చీర, కుడుకలు, తమలపాకులు. నష్టపోయిన ఇంటివాళ్ళు తట్టను లోపల పెట్టుకుంటే రాజీ అయినట్టు. పెట్టుకోకపోతే పెద్దలు చాయ్ తాగి, ఇంకోసారి వస్తామని లేస్తారు. ఈ పద్ధతిలో గట్ల తగాదాలు తెగాయి, గాయాలు మానాయి, ఒకటి రెండు సార్లు ఎముకలు కూడా అతికాయి. ప్రాణం పోయిన ఇంటికి ఆ తట్ట పోవచ్చునా అని ఎవరూ ఆగి ఆలోచించలేదు.

"పద్ధతి ప్రకారం పోదాం," అన్నాడు రాజేశ్వర్. "తట్ట నువ్వు తే. మాట నేను మాట్లాడుత."

గిరీశ్ మళ్ళీ జహీరాబాద్ పరుగెత్తాడు. షట్టరు సగం దించిన బట్టల దుకాణం. పోలీసు జీపు సైరను వినిపిస్తోంది. "ఆడమనిషికి పెట్టుబడి చీర సెట్టు, జల్దీ," అన్నాడు. దుకాణంవాడు ప్లాస్టిక్ కవరు చుట్టిన తయారు సెట్టు ఒకటి షట్టరు కిందినుంచి తోశాడు. గిరీశ్ కవరు కూడా విప్పలేదు. తెచ్చి తట్టలో పెట్టాడు.

సాయంత్రం నలుగురు మగవాళ్ళు మాస్కులు కట్టుకుని నారమ్మ అరుగు మీద కూర్చున్నారు. రాజేశ్వర్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"అమ్మా నారమ్మా, అయ్యిందేదో అయ్యింది. మనిషి జైల్ల సస్తున్నడు. నువ్వు పెద్ద మనసు చేసుకుని..."

నారమ్మ ఆయన వైపు చూడలేదు. తట్ట వైపు చూసింది. కవరు విప్పింది. చీరను తట్టలోనే పక్కకు జరిపింది. చీర కింద పచ్చ గాజులు. గాజుల మధ్యలో కుంకుమ భరిణె.

గిరీశ్ ముఖం పాలిపోయింది.

"ఏందిరా ఇది?" అంది నారమ్మ, గొంతు పెంచకుండానే. "నా గాజులు పగలగొట్టించింది మీ నాయన. మల్ల తొడుగనీకి వచ్చినవా?"

"సిన్నమ్మా, నేను సూడలె. దుకాన్ల..."

"తండ్రి కొట్టేటప్పుడు సూడలె. కొడుకు పెట్టేటప్పుడు సూడలె. మీ ఇంట్ల కండ్లెవనికీ లేవా?"

లేచింది. తట్టను రెండు చేతులతో ఎత్తి తీసుకుపోయి గల్లీ నడిమధ్య పెట్టింది. విసిరికొట్టలేదు. మెల్లగా పెట్టింది, అన్నం తట్ట పెట్టినట్టు. వెనక్కి వచ్చి తలుపు వేసుకుంది. గాజులు మెరుస్తున్న ఆ తట్ట చుట్టూ ఊరంతా తిరిగి పోయింది. ఎవరూ ముట్టుకోలేదు. చివరికి సావిత్రమ్మే వచ్చి తీసుకుపోయింది. ఇంట్లోకి పోయాక గిరీశ్ చెంపలు పగిలిన చప్పుడు మూడిళ్ళకు వినిపించింది.

తెల్లారి పోలీసు జవాను వచ్చి అడిగితే నారమ్మ ఒక్క మాట చెప్పింది. "రానియ్యొద్దు."

జవాను సావిత్రమ్మ ఇంటి ముందు బండి ఆపి, పైనుంచే చెప్పాడు. "ఆమె వద్దంటున్నదమ్మా. రేపో మాపో జహీరాబాద్ పిలిచి వాంగ్మూలం తీసుకుంటం. అక్కడ గూడ వద్దంటే ఇగ ఫైలు మూస్తం."

ఆ వారం ఫోన్లో గురులింగప్ప కనపడలేదు. జైలు దవాఖానలో పెట్టారని వేరే ఎవరో చెప్పారు.

అదే రాత్రి మిరుగు పడింది, మృగశిర కార్తె తొలి వాన.

మిరుగు వాన పడితే మా ఊళ్ళో ఎవడి చేను వాడిది. పెళ్ళి ఉన్నా ఆగుతుంది, శవం ఉన్నా జల్దీ లేస్తుంది. తడి ఆరకముందే విత్తనం పడాలి. మా దిక్కు చేన్లో ఒక్క పంట వేయం. గొర్రుకు ఉన్న గొట్టాల్లోంచి జొన్న పడుతుంది. గొర్రు వెనక తాడుకు కట్టిన వెదురు గొట్టంలోంచి కంది పడుతుంది. ఎడ్లు తోలడానికి మగవాడు. గింజ విడవడానికి ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు గొర్రు పక్కన, ఒకరు వెనక గొట్టం పట్టుకుని. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో ఆడాలి. లేకపోతే ఒకచోట గుబురు, ఒకచోట బోడి. ఏ ఇద్దరికీ అది ఊరికే కుదరదు.

నారమ్మకు రెండో మనిషి లేదు. కోడలు మమత తల్లిగారింటికని బీదర్ దిక్కు పోయి, బార్డరు బంద్ కావడంతో అక్కడే చిక్కుకుంది. కొడుకు చందర్ ఎడ్లు కట్టాడు. నారమ్మ ఒడిలో జొన్నలు పోసుకుంది. వెనక గొట్టం తాడుకు వేలాడుతూ నేల మీద ఈడ్చుకుపోతోంది.

"కూలికి ఎవర్నన్న పిలువకపోయినవార?" అంది.

"ఇయ్యాల ఎవరొస్తరే? నువ్వే రెండూ ఎయ్యి."

"నాకేమన్న నాలుగు చేతులున్నయా?"

అప్పుడు గట్టు అవతల సావిత్రమ్మ కనిపించింది. నడుముకు కందుల సంచి కట్టుకుని ఉంది. వెనక నుంచి గిరీశ్ అరుస్తున్నాడు. "అవ్వా, మన చేను? మన గొర్రు?"

"మన చేను యాడికి పోదు. ఆగు," అంది, తల తిప్పకుండా.

గట్టు ఎక్కింది. ఆ గట్టు మీద ఆమె ఇంటి మనిషి కాలు పదేళ్ళుగా పడలేదు. పైన ఒక్క క్షణం ఆగి, కొంగు తల మీదికి లాక్కుని, దిగింది. నేరుగా వచ్చి, ఈడ్చుకుపోతున్న వెదురు గొట్టం చేతిలోకి తీసుకుంది.

చందర్ ఎడ్లు ఆపాడు.

"నిన్నెవరు పిలిసిన్రు?" అంది నారమ్మ.

"వాన పిలిసింది."

"వాన నీ చేన్ల గూడ పడ్డది."

"పడ్డది. నా చేన్ల తడి సందె దాక ఉంటది. నీ చేను ఇసుక నేల, పొద్దెక్కితె ఆరిపోతది. తోలురా చందర్."

చందర్ తల్లి ముఖం చూశాడు. నారమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఏం చేయాలో చందర్‌కు తెలుసు. ఎడ్లను అదిలించాడు.

మొదటి సాలు చివరిదాకా మాట లేదు. ఒకామె పిడికిట్లోంచి జొన్న జారుతోంది, ఇంకొకామె పిడికిట్లోంచి కంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా చేతులు ఒకే వేగంతో ఆడుతున్నాయి. అది చూసి నారమ్మకు ఇంకా కోపం వచ్చింది.

"నీ కొడుకు నాకు గాజులు తెచ్చిండు."

"తెల్సు. చెంప పగలగొట్టిన."

"ఏ చెంప?"

"రెండు."

"సాలదు."

"నువ్వు గూడ కొట్టు. పిలుస్త."

చందర్ ముందు నుంచి కిసుక్కుమన్నాడు. "నీకేంరా నవ్వు? ఎడ్లను సూడు," అని ఇద్దరూ ఒకేసారి కసిరారు. కసిరి, ఇద్దరూ చప్పున నోళ్ళు మూసుకున్నారు.

పొద్దెక్కుతోంది. నారమ్మ ఎదురుచూస్తోంది. ఇప్పుడు అడుగుతుంది, ఈ సాలులో అడుగుతుంది, తిరిగే దగ్గర అడుగుతుంది. అడిగితే చెప్పాల్సిన మాట కూడా సిద్ధంగా పెట్టుకుంది. సావిత్రమ్మ అడగలేదు. కందులు విడుస్తోంది. సంచి ఖాళీ అయితే నింపుకుంటోంది. సగం చేను అయిపోయింది.

"అడుగవా?" అంది నారమ్మ చివరికి.

"ఏం అడుగాలె?"

"ఎందుకొచ్చినవో గది."

"అడుగ."

"ఎందుకడుగవు?"

"నిన్ను అడిగే మొఖం నాకు లేదు చెల్లె. కంది ఇడిసే చేతులున్నయి, తెచ్చిన. అంతకన్న ఏం లేదు నా తాన."

నారమ్మ కొంతదూరం నడిచింది. తర్వాత, ముందుకు చూస్తూనే అడిగింది. "ఫోన్ల ఎట్లున్నడు?"

"ఒక మాటకు మూడుసార్లు ఆగుతడు. తింట అని ఆగిండు. మల్ల ఊపిరి తీసి, ఉన్న అన్నడు. ఈ వారం అది గూడ లేదు."

నారమ్మ చేతిలోంచి జొన్నలు ఆగిపోయాయి. చందర్‌కు తెలియక ఎడ్లు తోలుతూనే ఉన్నాడు. సాలులో మూర పొడుగున గింజ పడలేదు.

"మల్లప్ప గిట్లనే," అంది. "అవ్వ అనబోయి సగంల ఆగిండు. నేను మిగిలిన సగం కోసం చెవు పెట్టుకుని కూసున్న. మూడు రోజులు కూసున్న. ఆ సప్పుడు ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది."

సావిత్రమ్మ ఓదార్చలేదు. ఓదార్చే హక్కు ఎవరికి ఉంటుందో ఎవరికి ఉండదో ఆమెకు తెలుసు. గొట్టం పట్టుకుని నిలబడింది.

"ఆ సప్పుడు పగోనికి గూడ వద్దు," అంది నారమ్మ. ముక్కు తుడుచుకుంది. "కానీ మాఫ్ చెయ్య. ఇను. ఎవడు అడిగినా చెయ్య."

"చెయ్యకు."

"నేను జహీరాబాద్ పోత. నువ్వు రాకు. నువ్వొస్తే రాజీ అంటరు. నీ కొడుకు రావొద్దు. ఆ రాజేశ్వర్‌ అసలుకే రావొద్దు."

"రారు."

"చందర్, ఆపురా. ఇక్కడ గింజ పడలె. వెనక్కి తిప్పు."

ఎడ్లను వెనక్కి తిప్పారు. వదిలేసిన మూర జాగాలో మళ్ళీ విత్తారు. పొద్దు నడినెత్తిన ఉండగా చేను అయిపోయింది. సావిత్రమ్మ గట్టు దాటి తన చేనుకు పోయింది. నీళ్ళు ఇవ్వలేదు నారమ్మ, ఆమె అడగనూ లేదు. బంద్ బందే.

జహీరాబాద్‌లో పోలీసు ఆఫీసు వరండా. ఎడం ఎడంగా వేసిన కుర్చీలు, బల్ల మీద శానిటైజర్ సీసా. బల్ల వెనక ఒక ఎస్సై, పక్కన కంప్యూటర్ ముందు రేఖ అనే కానిస్టేబుల్. ఎస్సై పొద్దుటి నుంచీ చెక్‌పోస్టు దగ్గర ఎండలో నిలబడి వచ్చాడు. ఎదురుగా ఊళ్ళవాళ్ళు బారులు కట్టి ఉన్నారు. జల్దీ తెమల్చాలని చూస్తున్నాడు.

"అభ్యంతరం ఉన్నదా, లేదా?"

"రానియ్యుర్రి," అంది నారమ్మ.

"శాన మంచిది. రాయి రేఖా. పెద్దల సమక్షంలో ఇరువర్గాలు రాజీపడినందున, మృతుని భార్య దోషిని క్షమించి..."

"ఆగు సార్. రాజీ ఎవరు పడ్డరు?"

"నువ్వే గదమ్మా, రానియ్యుర్రి అన్నవు."

"రానియ్యుర్రి అన్న. మాఫ్ జేసిన అన్ననా?"

"ఎట్లన్నా ఒకటే గదా."

"ఒకటెట్లయితది? రాజీ అని రాస్తే, తట్ట లోపల పెట్టుకున్నదంటరు ఊర్లె. నా మొగని పానానికి చీర తీసుకున్నదంటరు. ఆయన రెండోసారి సస్తడు. రాజీ అని రాయొద్దు."

ఎస్సై పెన్ను బల్ల మీద పెట్టాడు. "చూడమ్మా, ఇది ఎప్పుడూ రాసే మాట. గిట్ల రాస్తేనే ఫైలు పైకి పోతది."

"నిజం రాస్తే పైకి పోదా? మీ మెట్లల్ల ఏమన్న ఖరాబ్ ఉన్నదా?"

వరండాలో నిలబడ్డవాళ్ళలో ఎవడో నవ్వాడు. ఎస్సై కళ్ళెర్రచేస్తే మాస్కు వెనక దాక్కున్నాడు.

"సరే, రేపు రా. బాగ ఆలోచన చేసుకొని రా."

"రేపటిదాక అక్కడ మనిషి ఉంటడో లేడో. నేను ఇక్కన్నే కూసుంట." నారమ్మ పక్కకు జరిగి, మెట్టు మీద కూర్చుంది. "ఎనుకున్నోళ్ళను పిలువు సార్. నీ పని ఆపుకోకు."

ఎస్సై ఇద్దరిని పిలిచాడు, ఇద్దరి పని చూశాడు. మధ్యలో ఆమెను చూస్తున్నాడు. ఆమె ఎవరినీ చూడటం లేదు. చందర్ బయట గేటు దగ్గర తల పట్టుకుని ఉన్నాడు. రేఖ గొంతు తగ్గించి అంది. "సార్, అభ్యంతరం లేదన్న మాటొక్కటే కదా మనకు కావాల్సింది? ఆమె చెప్పింది చెప్పినట్టు టైపు చేస్త."

ఎస్సై శానిటైజర్ చేతుల్లో పోసుకుని రుద్దుకున్నాడు. "రామ్మా, చెప్పు," అన్నాడు.

నారమ్మ లేచి వచ్చింది, కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది. రేఖ టైపు చేసింది.

"నా పేరు నారమ్మ. గురులింగప్ప నా మొగన్ని సంపిండు. నేను మాఫ్ చెయ్యలె, చెయ్య. వాళ్ళ తట్ట నేను ముట్టలె. జడ్జి ఆయనకు జైలు రాసిండు. రోగం రాయలె. జైల్ల ఊపిరాడక సస్తే అది కోర్టు ఏసిన శిక్ష కాదు, నేను అడిగిన శిక్ష కాదు. ఇంటికి పంపుర్రి. దమ్ము తక్కువైనంక మల్ల తోలుకపోయి జైల్ల ఏసుకోర్రి. నాకు అడ్డం లేదు." ఒక్క క్షణం ఆగింది. "ఇంకొకటి రాయి బిడ్డా. వచ్చేనాడు పగటిపూట రావాలె. ఊరి నడిమి తొవ్వల, నా గడప ముంగట నుంచి పోవాలె. దొంగ లెక్క రాత్రిపూట రావొద్దు."

"గడప, తొవ్వ గివన్నీ ఎందుకమ్మా?" అన్నాడు ఎస్సై. "ఇది సర్కారు కాగితం."

"కాగితం సర్కారుది సార్. గడప నాది."

ఎస్సై ఈసారి నవ్వాడు. చిన్నగానే, కానీ నవ్వాడు. "రాయి," అన్నాడు రేఖతో.

చదివించుకుంది. మాట పోలేదని నమ్మకం కుదిరాక వేలిముద్ర వేసింది. మా మండలంలో చదువుకున్నవాళ్ళు ఉన్నారు, టీవీల్లో మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. శిక్షకూ చావుకూ నడుమ ఉండే గట్టు ఎక్కడో ఇంత తేటగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. చూడలేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆమె మా ఊరిది అని చెప్పుకోవడానికి గర్వం ఉంది.

పెరోల్ వచ్చింది. నెల రోజుల గడువుతో. జైలు బండి కాదు, గిరీశ్ కిరాయికి మాట్లాడిన ఆటో. ఊరి మొదట్లో ఆగింది. రాజేశ్వర్ అక్కడే నిలబడి ఉన్నాడు, పద్ధతి ఎక్కడ తప్పుతుందోనని.

"పగటిపూట నలుగురి ముంగట ఎందుకు? వెనక గల్లీల నుంచి పోనియ్యిరా ఆటో," అన్నాడు.

"ఆయన నడుస్తడు," అంది సావిత్రమ్మ.

"దమ్ముతోని నడుస్తడానమ్మా?"

"నడుస్తడు."

గురులింగప్ప దిగాడు. పోయినప్పుడు ఎద్దులాంటి మనిషి. ఇప్పుడు చొక్కాలో కర్ర నిలబెట్టినట్టు ఉన్నాడు. నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ నడిచాడు. గిరీశ్ చేయి పట్టబోతే విదిలించుకున్నాడు. సావిత్రమ్మ పక్కన నడిచింది. తల వంచలేదు. జనం అరుగుల మీద నిలబడి చూశారు.

నారమ్మ గడప ముందుకు వచ్చేసరికి ఊపిరి పూర్తిగా చిక్కిపోయింది. గోడ పట్టుకున్నాడు. ముందుకు పోలేకపోతున్నాడు. ఛాతీలోంచి ఈల చప్పుడు. నారమ్మ తలుపులో నిలబడి ఉంది, రెండు చేతులూ నడుముకు పెట్టుకుని. ఆ చప్పుడు విన్నది. ముఖం మీద ఏదో కదిలింది, నిలిచింది.

"చందర్, కుర్సీ ఎయ్యి. గడప బయట."

చందర్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గల్లీలో వేశాడు. గురులింగప్ప కూలబడ్డాడు. నీళ్ళు రాలేదు, ఎవరూ అడగలేదు. ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. పదేళ్ళు జైల్లో కూర్చుని తయారు చేసుకున్న మాట ఏదో పెదవుల దాకా వచ్చింది.

"నారమ్మా... మల్లప్పను నేను..."

"బావా, ఆ పేరు తియ్యకు," అంది నారమ్మ. "నీ నోట్లె ఆ పేరు వద్దు. ఊపిరి దాసుకో. ఇంకా మూడిండ్లు నడువాలె నువ్వు."

మాస్కు ముక్కు కిందికి జారి ఉంది. వేలుతో చూపించింది. ఆయన పైకి లాక్కున్నాడు. కాసేపు అట్లాగే కూర్చున్నాడు. ఛాతీ చప్పుడు కొంచెం తగ్గింది. లేచాడు. నడిచాడు. ఆయన తన ఇల్లు చేరేదాకా ఆమె తలుపులోంచి కదల్లేదు. తర్వాత కుర్చీ మీద బకెట్ నీళ్ళు కుమ్మరించి, ఎండలో బోర్లించి, లోపలికి పోయింది.